నాలుగు బస్తాల బిళ్ల

ఆ వేసవి ఉదయం బసవపున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి బస్సుకు ఖమ్మం పోవాలి, కూతురు హైమకు కంప్యూటరు కొనాలి, ఎండ ముదరకముందే ఎర్రగట్టుకు తిరిగొచ్చి కల్లంలో మిరపకాయ తిరగేయించాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దంలో మీసం సరిచూసుకుని, హైమను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఎర్రగట్టులో అప్పటికి ఎవరింట్లోనూ కంప్యూటరు లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, బస్సు ఆగే చోటి దాకా ఎదురైన వాళ్లకు తప్ప.

ఈ కొనుగోలు వెనుక ఒక మాట ఉంది. ఖమ్మం మిరప యార్డులో రోజూ పొద్దున జెండా ఎత్తి, వచ్చిన వాటిలో మేలైన రాశికి పాట పెడతారు. ఆ జెండా పాటలో పలికిందే ఆ రోజుకు పెద్ద ధర, మిగతా రైతులంతా దానికి కింద సర్దుకోవాల్సిందే. "ఈసారి మన కాయకు జెండా పాట పడితే నీకు కంప్యూటర్ కొనిస్త బిడ్డా" అని పున్నయ్య నలుగురి ముందు హైమకు మాటిచ్చాడు. పడదన్న ధైర్యంతోనే ఇచ్చాడని గిట్టనివాళ్లు అంటారు. కానీ పడింది. యార్డంతా వచ్చి ఆయన కాయ రంగు చూసి పోయింది. ఆ రోజు నుంచి పున్నయ్య నడక కొంచెం మారింది. ఎదురుగా గేదె వచ్చినా పక్కకు తప్పుకోవడం మానేశాడు.

కంప్యూటరుకు కేటాయించింది ముప్పై బస్తాల కాయ డబ్బు. భార్య నిర్మలాదేవి అందులో నాలుగు బస్తాలు తగ్గించి తనకు గ్రైండరు కొనమంది. "మెషీన్ కొంటే ఇంట్ల అందరికి పనికొచ్చేది కొనాలె" అని ఆమె వాదన. "మిగిలితే తప్పకుండ" అన్నాడు పున్నయ్య. మిగలకుండా చూడాలని హైమ అప్పుడే నిశ్చయించుకుంది.

ఖమ్మంలో కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణం మంగీలాల్‌ది. అతను పరాయివాడు కాదు, ఎర్రగట్టు పక్క తండాలో మిరప పండించే భద్రుకు తమ్ముడు. హైదరాబాదులో చదువుకుని వచ్చి బస్టాండు దగ్గర కొట్టు పెట్టాడు. "కంపెనీ డబ్బా కొంటే మీ ముప్పై బస్తాలకు సగమే వస్తదన్నా. విడిగ తీసుకుంటే నేనే బిగించి ఇస్త" అన్నాడు. విడి సామాను అనగానే పున్నయ్యకు హుషారొచ్చింది. విడిగా ఏరుకోవడమంటే ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఆయన పద్ధతి ఒకటే: ప్రతి వస్తువూ చేత్తో ఎత్తి చూడటం. బరువుంటే సరుకుంది, లేకపోతే తాలు. మోకాలెత్తు ఇనప క్యాబినెట్టు ఎత్తబోతే నడుం పట్టింది. ధర అడిగితే ఒక్క బస్తాకే వచ్చేటట్టుంది. "ఇది బేరమంటే! ఇదే రెండు తీసుకుందాం" అన్నాడు. లోపల ఏమీ లేదు, అది ఖాళీ పెట్టె అని మంగీలాల్ చెప్పినా ఆయన మనసు చాలాసేపు దాని చుట్టే తిరిగింది. ఆ తర్వాత మంగీలాల్ బిస్కెట్టంత ప్రాసెసరు తీసి అరచేతిలో పెట్టాడు.

"ఇదెంత?"

"అయిదు బస్తాలన్నా. కంప్యూటర్‌కు మెదడు ఇదే."

పున్నయ్య దాన్ని ఇటూ అటూ తిప్పి, ఊది, మళ్లీ తిప్పాడు. "అయిదు బస్తాల కాయ పోసి ఇంత చిన్న మెదడా? మా ఊరి సర్పంచుకు కూడా ఇంతకంటె పెద్దదుంటది" అన్నాడు. అయినా కూతురు ముఖం చూసి ఒప్పుకున్నాడు. మదర్‌బోర్డుకు నాలుగు, హార్డ్‌డిస్కుకు అయిదు, ర్యామ్‌కు రెండు, ఇలా బస్తాలు ఒకదాని వెనుక ఒకటి బండెక్కి పోతున్నాయి. అన్నిటికంటే ఆయనకు నచ్చింది మానిటరు. టీవీలా ఉంది, బరువుంది, ఎత్తి బల్ల మీద పెట్టడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

అప్పుడు హైమ అసలుది అడిగింది. "బాబాయ్, గ్రాఫిక్స్ కార్డు?"

మంగీలాల్ అరచెయ్యంత పచ్చబిళ్ల ఒకటి కవరులోంచి తీశాడు. నాలుగు బస్తాలన్నాడు. పున్నయ్య ఎత్తి చూశాడు. బరువే లేదు.

"ఇది లేకుంటే నడవదా?"

మంగీలాల్ నిజాయితీపరుడు. "నడుస్తదన్నా" అన్నాడు. హైమ అతన్ని చూసిన చూపుకు గొంతు సవరించుకుని, "నడుస్తది గానీ, బొమ్మ గట్టిగ రాదు" అని కలిపాడు.

"ఆరు బస్తాలు పోసి టీవీ కొన్నం గద. బొమ్మ దాంట్ల రాక ఎటు పోతది?"

హైమ చదువు కోసం కంప్యూటరు కావాలంది. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం, హాస్టల్ స్నేహితురాలి ఇంట్లో ఒకసారి ఆడిన కార్ల పందెం. కొండలు, మలుపులు, అద్దం మీద పడే దుమ్ము, అన్నీ కళ్ల ముందే ఉన్నట్టుండే ఆ ఆట ఈ బిళ్ల లేకుండా ఆడదు. పరీక్షలు రాస్తున్నప్పుడు కూడా ఆమె చెవిలో ఆ కారు చప్పుడే వినిపించింది. అందుకని తెగించింది. పెద్ద మానిటరు తీసి చిన్నది పెట్టించింది. హార్డ్‌డిస్కు తగ్గించింది. స్పీకర్లు చిన్నవి చాలంది. ప్రింటరు ఊసే ఎత్తలేదు. ఒక్కొక్కటి పక్కకు నెట్టి, నెట్టినప్పుడల్లా బస్తాలు లెక్కేసి, చివరికి ముప్పై దాటకుండా ఆ బిళ్లను లోపలికి తెచ్చింది.

పున్నయ్య బేరం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు. కల్లంలో కూర్చుని తాలుకాయ వేరు, మేలుకాయ వేరు చేసే తన తల్లి ఆయనకు గుర్తొచ్చింది. అదే చెయ్యి, అదే తొందరలేనితనం. "చూసినవా మంగీలాల్, నా బిడ్డ ఎట్ల ఏరుతాందో" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ రైతు కదా, ఒక్క బేరమైనా ఆడకుండా లేవలేకపోయాడు. "సరే, రేపొస్తం. రేపటికి రేటు దిగుతదేమో" అన్నాడు.

మంగీలాల్ తన కంప్యూటరు వైపు తిరిగి హైదరాబాదు షావుకారు పంపిన ధరలు తెరిచి చూశాడు. "దిగదన్నా. రేపొచ్చే మాలుకు ఇంకా పెరుగుతది. ఇగో, దీంట్ల కనపడ్తాంది."

పున్నయ్య వంగి తెరవైపు చూశాడు. అంకెలు నిజంగానే ఉన్నాయి. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. "రేపటి రేటు ఇయ్యాలే కనపడ్తదా?"

"కనపడ్తది."

"రోజూ?"

"రోజూ కనపడ్తదన్నా."

పున్నయ్య బేరం సంగతి వదిలేసి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. మంగీలాల్ అంతా బిగించి, నడిపి చూపించి, మళ్లీ అట్టపెట్టెల్లో సర్దాడు. "ఆ బిళ్ల వద్దనిపిస్తే వారంలోపల తెచ్చియ్యండి, డబ్బు వాపస్ ఇస్త" అన్నాడు. కార్ల పందెం మాత్రం అతనే ముందుగా ఎక్కించి పెట్టాడు, హైమ కళ్లతో అడిగిందని.

బస్సులో పెట్టెలకు సీటు దొరికింది, పున్నయ్యకు దొరకలేదు. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు ఆ సరంజామా చూసి, "ఎంతయిందేంది పెద్దాయనా?" అన్నాడు. ముప్పై బస్తాలని తెలిసి బస్సంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. "ముప్పై బస్తాలు పోసి టీవీ కొన్నవా?" అని ఎవరో నవ్వారు. పున్నయ్యకు ఆ నవ్వు నచ్చలేదు.

"టీవీ కాదు. కంప్యూటర్. రేపటి రేటు ఇయ్యాలే చెప్తది" అన్నాడు.

"మిరపదా?"

పున్నయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించకుండా ఉండాల్సింది. "అన్నిటిదీ" అన్నాడు.

కిటికీ పక్కన కూర్చున్న హైమ నోరు తెరిచింది. ఇప్పుడు నిజం చెబితే నాన్న దారిలోని ముదిగొండలోనే దిగి వెనక్కి పోయే బస్సు ఎక్కుతాడు. ముందుగా పోయేది పచ్చబిళ్లే. నోరు మూసుకుంది. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది, ప్రతి ఊళ్లోనూ కొందరు దిగారు, దిగినవాళ్లందరి చేతిలో సంచీతో పాటు ఈ కబురు కూడా ఉంది. నేలకొండపల్లి చేరేసరికి అది బస్సు కంటే ముందే అక్కడికొచ్చి కూర్చుంది.

ఇంటికి రాగానే నిర్మలాదేవి పెట్టెలన్నీ చూసి, లెక్క అడిగి, పచ్చబిళ్ల దగ్గర ఆగింది. "ఇదేం పని చేస్తది?"

"బొమ్మ గట్టిగ వస్తదంట" అన్నాడు పున్నయ్య.

"నాలుగు బస్తాలు! నా గ్రైండర్ మొత్తం దీంట్ల పోయిందన్నమాట." ఆమె కొంగు బిగించింది. "ఆదివారం మా అన్న వస్తుండు. ఆయన ముందట నలుగురికి పనికొచ్చేది ఏదన్న చూపించిందా, సరే. లేకుంటే సోమవారం ఆ బిళ్ల ఖమ్మం పోతది, గ్రైండర్ ఇంటికొస్తది." నిర్మలాదేవి మాట మీద అప్పీలు ఉండదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె అన్న వెంకటరామారావు ఖమ్మం యార్డులో మిరప కమీషన్ వ్యాపారి. ఆడపిల్లకు కంప్యూటరెందుకని నలుగురిలో అన్నవాడు కూడా ఆయనే.

మర్నాడు పొద్దున్నే భద్రు గుప్పెడు కాయ పట్టుకుని వచ్చాడు. "పున్నయ్యన్నా, లారీ వచ్చి నిలవడ్డది. కాయ ఇయ్యాల తోలాల్నా, ఆగాల్నా? జర నీ డబ్బాని అడుగు" అన్నాడు. డబ్బాని అడుగుదామంటే ఓల్టేజీ లేదు. ఊళ్లో మోటార్లన్నీ నడుస్తుంటే బల్బే దీపంలా మిణుకుమంటుంది, కంప్యూటరెక్కడ లేస్తుంది? ఆ మాట ఒప్పుకోవడానికి పున్నయ్యకు మనసొప్పలేదు. "ఆదివారం చూసి చెప్త. అప్పటిదాంక ఎవరూ తోలకండి" అన్నాడు, అచ్చం జెండా పట్టుకున్న మనిషిలాగా.

లారీ ఖాళీగా పోయింది. అది చూసి పక్కింటివాళ్లు ఆగారు. వాళ్లు ఆగారని తండా ఆగింది. ఊరు ఊరంతా ఆగిందని తెలిసి నేలకొండపల్లి వైపు రైతులు బస్తాలు కుట్టడం ఆపారు, కుసుమంచి దాకా కల్లాల్లో ఎర్రరాశులు అలాగే ఉండిపోయాయి. మిరప రైతు ఒంటరిగా తోలడానికీ భయపడతాడు, ఒంటరిగా ఆగడానికీ భయపడతాడు. అందరూ కలిసి ఆగడానికి మాత్రం ఒక్క రోజు చాలు.

శుక్రవారం హైమ ఇక ఉండబట్టలేకపోయింది. తండ్రిని పెరట్లోకి తీసుకుపోయి, "నాన్నా, అది రేటు చెప్పదు. మంగీలాల్ బాబాయ్‌కి హైదరాబాద్ నుంచి వచ్చిన రేట్లు అవి. మనం ఏది ఎక్కిస్తే అదే చూపిస్తది" అంది.

పున్నయ్య పశువుల తొట్టి మీద కూలబడ్డాడు. "మరి నువ్వు దాంట్ల ఏం ఎక్కించినవ్?"

"కార్ల పందెం."

మూడు మండలాల కాయ ఆయన మాట మీద ఆగి ఉంది. ఈలోపు ధర పడిపోతే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. అన్నీ తెలిసిన బావమరిది ముందు అసలే నిలబడలేడు. "ఆదివారం దాంక ఎవరితోని అనకు. ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు. చూడటానికి కార్ల పందెం తప్ప ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం వాకిలి నిండింది. కంప్యూటరు కోసం ఊరంతా మోటార్లు ఆపేసింది, ఓల్టేజీ దండిగా ఉంది. మానిటరుకు బొట్టు పెట్టారు. వెంకటరామారావు జీపు దిగి లోపలికొచ్చాడు, కానీ ఆయన చూపు కంప్యూటరు మీద లేదు, దారిలో కనిపించిన కల్లాల మీదే ఉంది. చెల్లెలు ఇచ్చిన మజ్జిగ కూడా సగమే తాగాడు. నిర్మలాదేవి వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడింది, తీర్పు చెప్పడానికి సిద్ధంగా.

"షురూ చెయ్యి బిడ్డా" అన్నాడు భద్రు.

హైమ మీట నొక్కింది. తెర మీద కొండలు లేచాయి, రోడ్డు మెరిసింది, కారు గర్జించింది. వాకిలంతా ఒక్క అడుగు వెనక్కి వేసింది. భద్రు భార్య బాలి "అమ్మో, మీదికొస్తాంది!" అని స్తంభం పట్టుకుంది. తెర కింది మూల కారు వేగం చూపించే అంకె ఒకటుంది. హైమ కారు తోలుతుంటే అది ఎక్కడం మొదలుపెట్టింది. ముందుగా దాన్ని చూసింది భద్రే.

"రేటు! ఇగో రేటు ఎక్కుతాంది!"

ఊరంతా అంకె మీద పడింది. నలభై అన్నారు, అరవై అన్నారు, తొంభై దాటగానే ఎవరో ఈల వేశారు. కిలోకు అంత ధర ఎక్కడిదని ఒకాయన అనుమానపడితే, "అంకె గాదు, ఎక్కుతాందా దిగుతాందా అది చూడు" అని పక్కాయన కసిరాడు. అంత అరుపుల్లో హైమ చెయ్యి తడబడింది. మలుపు దగ్గర కారు ఎదురుగా వచ్చిన లారీని గుద్ది గాల్లోకి లేచింది. అంకె సున్నా అయింది. వాకిలంతా అయ్యో అంది. ఒక ముసలాయన కూలబడి తల పట్టుకున్నాడు.

ఆ ముసలాయన ముఖం చూసేసరికి హైమ ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడి, "ఇది రేటు కాదు. ఇది ఆట. ఆ అంకె కారు స్పీడు. దీనికి మిరప సంగతి ఏం తెల్వదు" అని గట్టిగా చెప్పింది. చెప్పాక కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయింది, పచ్చబిళ్ల పోయింది. కానీ తల మాత్రం దించుకోలేదు.

పున్నయ్య వచ్చి కూతురు భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. "పిల్ల నాతోని ముందే చెప్పింది. గొప్పకు పోయి దాచింది నేనే. అనేది ఉంటే నన్ను అనండి" అన్నాడు. వెంకటరామారావు ఇప్పుడు పగలబడి నవ్వుతాడని ఆయన ఎదురుచూశాడు. వెంకటరామారావు నవ్వలేదు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఆటనో పాటనో నాకెందుకు బావా, కాయ ఎప్పుడు తోలుతరో అది చెప్పు! వారం సంది ఈ పక్క నుంచి యార్డుకు ఒక్క బస్తా రాలే. జెండా పాట రోజు రోజుకు ఎక్కుతాంది. రేపు నేను లారీలు నింపకుంటే ముందే పైసలిచ్చిన బయటి వ్యాపారి నా కొట్టుకు తాళం ఏయిస్తడు!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. వాకిట్లో రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తల పట్టుకున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. పున్నయ్య వెన్ను వెదురులా నిటారుగా అయింది, చెయ్యి మీసం మీదికి పోయింది.

"ఎక్కుతాందా?" అన్నాడు తీరిగ్గా. "ఎంతదాంక ఎక్కుతదో ఏందో. బిడ్డా హైమా, ఇంకోసారి నడుపు. అడిగి చెప్దాం."

హైమ కళ్లు తుడుచుకుని కూర్చుంది. కారు కదిలింది. అంకె ఎక్కింది. "నిన్నటి జెండా పాట ధర ఇస్త" అన్నాడు వెంకటరామారావు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు, అందరూ తెర చూస్తున్నారు. అంకె ఎనభై దాటింది. "దాని మీద క్వింటాలుకు యాభై!" అన్నాడు. ఈసారి హైమ చెయ్యి తడబడలేదు. మలుపు కోసుకుని పోయింది, లారీని పక్కకు తప్పించింది, కొండ మీదికి దూసుకుపోయింది. నూట పది. నూట ఇరవై. అది ఆట అని ఇప్పుడే చెవులారా విన్న వెంకటరామారావు కుర్చీ అంచుకు వచ్చి, తెర మూలనే చూస్తూ చెమటలు కక్కుతున్నాడు. నూట నలభై దగ్గర ఆయన ప్రాణం ఆగలేదు.

"వంద! కాటా మీ కల్లంలనే, లారీ కిరాయి నాదే! ఆపమ్మా హైమా, నీకు దండం పెడ్త, బ్రేకెయ్యి!"

హైమ తండ్రి వైపు చూసింది. పున్నయ్య భద్రు వైపు చూశాడు. భద్రు వాకిలంతా కలయజూసి తలూపాడు. హైమ బ్రేకు వేసింది. చప్పట్లకు కప్పు మీది పిట్టలు లేచిపోయాయి. "ఎవరి బిడ్డ!" అన్నారెవరో. "నా బిడ్డ" అన్నాడు పున్నయ్య, తెలియనివాళ్లు అక్కడ ఒక్కరూ లేకపోయినా. "మా తమ్ముడు బిగించిన డబ్బా" అన్నాడు భద్రు, తన వాటా వదులుకోకుండా.

జనం కల్లాలకు పరుగెత్తాక వాకిట్లో ముగ్గురే మిగిలారు. హైమ మెల్లగా తల్లివైపు తిరిగింది. పచ్చబిళ్ల గడువు రేపటితో అయిపోతుంది. నిర్మలాదేవి గరిటె పట్టుకునే వచ్చి తెర ముందు నిలబడి, ఆగిపోయిన కారును చాలాసేపు పరీక్షగా చూసింది. పున్నయ్య తొందరపడి, "నిమ్మీ, ఈ ధరకు గ్రైండర్ గూడ కొందాం, బిళ్ల గూడ ఉంచుదాం" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"మొదటిసారి ఆ లారీని ఎందుకు గుద్దినవే? ఎడమ పక్క అంత జాగా ఉండె గద" అంది కూతురితో. "లెయ్, జరుగు. ఏది నొక్కితే పోతది?"

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు, అందరూ అటుకులు తిన్నారు.